మిచౌంగ్ తుఫానులో దెబ్బతిన్న ఇంటికి బీమా సొమ్ము తిరస్కరించారు, దారి చెప్పగలరు

ప్రశ్న: తుమ్మలగుంట నుంచి ఒక గృహస్థు, 2025 జనవరి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి పక్కన తుమ్మలగుంట. నాన్నగారి పదవీ విరమణ సొమ్ముకు నేను తీసుకున్న గృహరుణం జోడించి కట్టుకున్న ఇల్లు. కింద మేముంటాం. మిద్దె మీద ఒక గది, దానికి ఆనుకుని ఇనుప గొట్టాల మీద బిగించిన రేకుల షెడ్డు ఉన్నాయి. 2022లో రుణం చివరి విడత విడుదల చేసేటప్పుడు బ్యాంకువారే ఇంటికి పదేళ్ల బీమా చేయించి, ప్రీమియాన్ని రుణంలో కలిపారు. మా చేతికి ఒక్క పేజీ ధ్రువపత్రం మాత్రమే ఇచ్చారు.

2023 డిసెంబరు 4 రాత్రి, మిచౌంగ్ తుఫాను నెల్లూరు తీరం పొడవునా బాపట్ల వైపు కదులుతున్నప్పుడు, మా వీధిలో గాలీ వానా తెల్లవారేదాకా ఆగలేదు. షెడ్డు రేకులు ఆరు లేచిపోయాయి, వాటిలో రెండు పక్కింటి మిద్దె మీద పడ్డాయి. మెట్ల గది తలుపు విరిగి, నీళ్లు మెట్ల మీదుగా హాలులోకి దిగడంతో స్విచ్చిబోర్డులు, ఇన్వర్టరు, పరుపులు, నాన్నగారి పుస్తకాల బీరువా తడిసి పాడయ్యాయి. తెల్లవారి చూస్తే తూర్పు ప్రహరీ సుమారు నలభై అడుగులు మా ఆవరణలోకి ఒరిగి పడి ఉంది. గోడ అవతల ఉన్న ఖాళీ స్థలంలో మోకాలి పైదాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. హాలులో ఒక గోడ, పడకగదిలో ఒక గోడ చెమ్మ పట్టాయి. మరమ్మతులకు మేస్త్రీ, ఎలక్ట్రీషియను కలిసి వేసిన అంచనా రూ.3,84,000.

నష్టం అంచనా వేయడానికి బీమా సంస్థ పంపిన సర్వేయరు ఆరో రోజున వచ్చి, ఇరవై నిమిషాలు ఉండి, ఫొటోలు తీసుకుని వెళ్లారు. 2024 ఫిబ్రవరి 12న తిరస్కరణ లేఖ వచ్చింది. తిరుపతిలో ఆ రోజు తుఫాను స్థాయి గాలి వీచినట్టు ఆధారం లేదనీ, రేకుల షెడ్డు తాత్కాలిక నిర్మాణమనీ, గోడల చెమ్మ చాలాకాలంగా ఉన్నదనీ, ప్రహరీ నిర్మాణ లోపం వల్ల పడిందనీ అందులో నాలుగు వాక్యాలు రాశారు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఫోను చేశాను, రెండుసార్లు వారి శాఖ కార్యాలయానికి వెళ్లాను. పై కార్యాలయం నిర్ణయమని మాత్రమే చెప్పి పంపారు. పశువులు లోపలికి వస్తున్నాయని మార్చిలో ప్రహరీ మళ్లీ కట్టించుకున్నాము. కూలిన గోడ ఫొటోలు మాత్రం ఉన్నాయి.

దాదాపు ఏడాది కావస్తోంది. నాన్నగారు ఈ మాట ఎత్తినప్పుడల్లా చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికైనా పోరాడే అవకాశం ఉందా, గాలి వేగానికి నేను ఆధారం ఎక్కడినుంచి తేవాలి, సర్వేయరు నివేదిక నాకు ఇస్తారా అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: చిత్తూరు నుంచి ఒక సివిల్ ఇంజనీరు

అయ్యా, మీ లేఖ చదివాక నాకు ముందుగా తోచినది ఇది. మీరు జరిగిన నష్టమంతా కలిపి "తుఫాను నష్టం" అని ఒకే మాటగా అడిగారు, వారు కూడా తుఫాను గాలి లేదని ఒకే మాటతో మొత్తాన్నీ కొట్టేశారు. నిజానికి మీ ఇంట్లో జరిగినవి మూడు వేర్వేరు నష్టాలు, వాటి కారణాలూ వేర్వేరు. ఒక్కొక్క దానికి విడిగా కారణం, విడిగా ఆధారం, విడిగా మొత్తం రాసి మళ్లీ అడగండి.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా సంస్థలన్నీ ఇళ్లకు "భారత్ గృహ రక్ష" అనే ఒకే ప్రామాణిక పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. మీది 2022 నాటిది కాబట్టి అదే అయి ఉండాలి, అయినా ధ్రువపత్రం మీద ఆ పేరు ఉందో లేదో చూసుకోండి. అందులో తుఫాను, గాలివాన, సుడిగాలి, వరద, నీటి ముంపు అన్నీ ఒకే వరుసలో రక్షణ పొందే ఆపదలుగా ఉంటాయి. గాలి గంటకు ఇన్ని కిలోమీటర్లు దాటితేనే అన్న షరతు నేను చదివిన ప్రతిలో ఎక్కడా లేదు. గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల గాలి ఉంటే తుఫాను, 89 నుంచి 117 వరకు ఉంటే తీవ్ర తుఫాను అన్నది వాతావరణ శాఖ సముద్రం మీది వాయుగుండాలను వర్గీకరించుకోవడానికి పెట్టుకున్న కొలత. మీ మిద్దె మీది రేకు ఎగరడానికి ఆ కొలతతో పని లేదు.

ఇక ప్రహరీ సంగతి. అవతల మోకాలి పైదాకా నీళ్లు నిలిచి, గోడ మీ వైపుకు ఒరిగిందని మీరే రాశారు. అంటే దాన్ని పడగొట్టింది గాలి కాదు, ఒకవైపు నిలిచిన నీటి ఒత్తిడి, నాని మెత్తబడిన పునాది మట్టి. ఇది నీటి ముంపు కిందికి వస్తుంది. కాబట్టి గాలి వేగం గురించిన వాదన దీనికి అసలే తగలదు. నిర్మాణ లోపం అన్నమాటకు కూడా జవాబు ఉంది. లోపం ఉన్న గోడ అయితే ఎక్కడ పగిలింది, పునాది ఎంత లోతు, ఇటుకల కట్టుబడి ఎలా ఉంది అన్నవి సర్వేయరు కొలిచి రాయాలి. ఇరవై నిమిషాల్లో పునాది తవ్వి చూసి ఉండరు. మీ ఫొటోలలో నిలిచిన నీళ్లూ పడిన గోడా ఒకే చట్రంలో ఉన్నవి ఏరి పెట్టండి.

షెడ్డు విషయంలో, పాలసీ నిర్వచనం ప్రకారం ఇల్లు అంటే నాలుగు గోడలూ స్లాబూ మాత్రమే కాదు. వరండా, పోర్టికో, వాహనాలు నిలిపే చోటు, ప్రహరీ, గేటు, నీళ్ల ట్యాంకు, సోలారు పలకలు కూడా అందులో భాగమే. అది మినహాయించే కచ్చా కట్టడమంటే తాటాకు, గడ్డి, వెదురు, చెక్క పలకలు, టార్పాలిన్ వంటి వాటితో గోడలు గానీ కప్పు గానీ వేసినది. స్లాబుకు బిగించిన ఇనుప గొట్టాల మీద లోహపు రేకులు కచ్చా కట్టడం కాదు. అయితే ఆ షెడ్డు పాలసీ తీసుకోకముందే ఉందా, తర్వాత వేశారా అన్నది మీరు రాయలేదు. తర్వాత వేసినదైతే మీ వాదన బలహీనపడుతుంది.

ఎగిరిన రేకుల్లో ఒక్కటైనా మీ దగ్గర మిగిలి ఉంటే పారేయకండి. హుక్కు బోల్టు దూరిన రంధ్రం అంచు తుప్పు పట్టి పలచబడి రాలిపోయి ఉంటే అది పాతబడిన రేకు. రంధ్రం ఒక వైపుకు సాగి చిరిగి, చిరిగిన చోట లోహం గట్టిగా ఉంటే గాలి కిందినుంచి ఎత్తి లాగిందని అర్థం. ఇది ఇంజనీరు ఎవరైనా చూసి రాసివ్వగలిగిన విషయమే.

గోడల చెమ్మ దగ్గర మాత్రం మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఏళ్ల తరబడి ఊరే గోడ మీద తెల్లగా ఉప్పు తేలుతుంది, రంగు పొంగి పెచ్చులు ఊడతాయి, కొన్నిచోట్ల కమ్మీ తుప్పు మరక బయటికి కనిపిస్తుంది. ఒక్కరాత్రి పైనుంచి దిగిన నీరు గోధుమరంగు చారలు విడిచిపెడుతుంది. హాలులోది మెట్ల వైపు గోడే అయితే అది ఆ రాత్రి నీరే. పడకగది గోడ స్నానాల గదిని ఆనుకున్నదైతే అది వేరే చెమ్మ కావచ్చు. అలా ఉంటే ఆ ఖర్చు మీరే తీసేసి మిగిలినది అడగండి. నిజమైన భాగాన్ని కూడా అనుమానించే అవకాశం వారికి ఇవ్వకండి.

గాలికీ వానకూ స్థానిక ఆధారాలు చాలా ఉంటాయి. మండలాల వారీ వర్షపాతం లెక్కలు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో అడగవచ్చు. విద్యుత్తు పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. మీ ఫీడరులో ఆ రాత్రి సరఫరా ఎప్పుడు ఆగింది, స్తంభాలేమైనా పడ్డాయా అని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మీ సచివాలయం వారు అప్పట్లో నష్టం నమోదు చేసుకుని ఉంటే ఆ నకలు తీసుకోండి. మీ రేకులు ఎవరి మిద్దె మీద పడ్డాయో ఆ పొరుగువారు సంతకం చేసి ఇచ్చే అరపేజీ వాంగ్మూలం వీటన్నిటికంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

జవాబు 2: తిరుపతి, 2021 వరదల్లో నష్టపోయిన ఒకరు

సోదరా, మీ నాన్నగారి మాట చదివి ఈ జవాబు రాయకుండా ఉండలేకపోయాను. 2021 నవంబరు వరదల్లో మా ఇంట్లో నడుము లోతు నీళ్లు వచ్చాయి. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది ఊళ్లను ఖాళీ చేయిస్తున్న ఆ వారంలోనే సర్వేయరు మా ఇంటికి వచ్చారు. భవనం మరమ్మతుకు కొంత ఇచ్చి, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, మంచాలు, బట్టలు అన్నిటికీ "గృహోపకరణాలకు బీమా తీసుకోలేదు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను కూడా నిజమే కాబోలు అనుకుని ఆరు నెలలు ఊరకున్నాను.

తర్వాత ఒక బంధువు పాలసీ పూర్తి పాఠం తెప్పించి చదివించారు. భవనానికి బీమా ఉంటే ఇంట్లోని సాధారణ సామాన్లకు కూడా భవనం మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల దాకా, విడిగా అడగకపోయినా రక్షణ ఉంటుందని అందులోనే రాసి ఉంది. నగల వంటి విలువైన వస్తువులకు మాత్రం విడిగా తీసుకోవాలి. కాబట్టి మీ ఇన్వర్టరు, పరుపులు, పుస్తకాల బీరువా సంగతి మరచిపోకండి. మీ తిరస్కరణ లేఖలోని నాలుగు కారణాల్లో సామాన్ల గురించి ఒక్కమాట కూడా లేదు, గమనించారా?

నేను బీమా తగాదాలను విని తీర్పు చెప్పే, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకున్నాను. ఆంధ్రప్రదేశ్ వారికి అదే కార్యాలయం. రుసుము లేదు, వకీలును పెట్టుకోనివ్వరు, మనమే మాట్లాడుకోవాలి. నాకు జనంలో మాట్లాడే అలవాటు లేదు. అందుకని సామాన్ల జాబితా, కొన్న రసీదులు, తడిసిన ఫొటోలు వరుస అంకెలు వేసి ఒక దస్త్రంగా కుట్టి పంపాను. విచారణలో అధికారి ఆ దస్త్రాన్నే ఒక్కొక్క పేజీ తిప్పుతూ సంస్థ ప్రతినిధిని ప్రశ్నించారు, నేను పట్టుమని పది వాక్యాలు కూడా మాట్లాడవలసిన అవసరం రాలేదు. రసీదులు లేని కొన్నిటికి తగ్గించి, మిగిలినవాటికి ఇవ్వాలని తీర్పు వచ్చింది. సొమ్ము అందింది.

అయితే తొందరపడండి. అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోపే వెళ్లాలి. మీకు ఫిబ్రవరి 12 వరకే గడువు ఉంది.

ప్రశ్నించినవారి వివరణ

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. షెడ్డు 2021 చివర్లో, ఇంటి పనితోపాటే వేసినది, పాలసీ కంటే ముందుదే. రెండు రేకులు ఇంకా పెరట్లో ఉన్నాయి. ఈరోజే చూశాను, నాలుగు రంధ్రాలు సాగి చిరిగి ఉన్నాయి, ఒకచోట మాత్రం తుప్పు ఉంది. పడకగది గోడ అవతల స్నానాల గదే ఉంది కనుక దానికి వేసిన రూ.36,000 తీసేస్తాను. నాకు మిగిలిన భయం గడువు గురించే. నేను ఇంతవరకు వారికి రాతపూర్వకంగా ఏదీ పంపలేదు, అన్నీ ఫోనులోనూ నోటిమాటగానూ అడిగినవే.

జవాబు 3: చిత్తూరు, వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది

పై మిత్రులు సదుద్దేశంతోనే చెప్పారు కానీ, గడువు విషయంలో ఒక సవరణ అవసరం. 2017 నాటి బీమా అంబుడ్స్‌మన్ నియమాల ప్రకారం మొదట బీమా సంస్థకు రాతపూర్వకంగా, ఉత్తరంగానో ఈమెయిలుగానో, ఫిర్యాదు చేసి ఉండాలి. దానిని వారు తిరస్కరించినప్పటి నుంచి, లేదా అసంతృప్తికరమైన జవాబు అందినప్పటి నుంచి, లేదా ఒక నెల గడిచినా జవాబు రాకపోతే ఆ నెల ముగిసినప్పటి నుంచి ఏడాది లెక్కిస్తారు. ఆ ఫిర్యాదు మీరు ఇంకా చేయనే లేదు. అది లేకుండా ఫిబ్రవరి 12లోపు పరుగెత్తి హైదరాబాదుకు పంపినా, ముందు సంస్థకు రాయండని తిప్పి పంపుతారు. కాబట్టి ఈ వారమే సంస్థ ఫిర్యాదుల పరిష్కార అధికారికి రసీదుతో కూడిన రిజిస్టరు పోస్టులోనూ ఈమెయిలులోనూ రెండు విధాలా పంపండి. అదే ఫిర్యాదును నియంత్రణ సంస్థ వారి "బీమా భరోసా" ఫిర్యాదుల వెబ్‌సైటులో కూడా నమోదు చేయండి. అంతర్జాలం కుదరకపోతే 155255కు ఫోను చేసి చెప్పవచ్చు.

కానీ నిశ్చింతగా కూర్చోకూడని గడువు ఇంకొకటి ఉంది. జిల్లా వినియోగదారుల కమిషను ముందుకు వెళ్లాలంటే 2019 చట్టం ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు వెళ్లాలి. తిరస్కరణ లేఖ తేదీ నుంచే లెక్కిస్తారనుకోండి, 2026 ఫిబ్రవరి మొదటి వారం దాటనివ్వకండి. తర్వాత మీరు రాసే ఉత్తరాలు ఆ గడువును పొడిగిస్తాయని నమ్ముకుని నష్టపోయినవారిని నేను చూశాను. ఒకే విషయం కమిషనులో నడుస్తుండగా అంబుడ్స్‌మన్ తీసుకోరు కనుక, ముందు అంబుడ్స్‌మన్, అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే కమిషను అన్నది మీకు తగిన క్రమం. అంబుడ్స్‌మన్ తీర్పు సంస్థను కట్టివేస్తుంది, మిమ్మల్ని కట్టివేయదు. కమిషనులో రుసుమును మీరు అడిగే మొత్తాన్ని బట్టి కాక చెల్లించిన ప్రీమియాన్ని బట్టి లెక్కిస్తారు, అది రూ.5 లక్షల లోపు అయితే రుసుమే లేదు. మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు.

సర్వేయరు నివేదిక నకలు మీరు అడిగితే ఇవ్వవలసిందే. మీ ఉత్తరంలో అది మొదటి కోరికగా ఉండాలి, ఎందుకంటే తిరస్కరణ లేఖ ఒకటి చెప్పి నివేదిక మరొకటి చెప్పిన సందర్భాలు నా అనుభవంలో తక్కువేమీ కావు. సంస్థ ప్రభుత్వ రంగానిదైతే సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు. నివేదిక మీకు ప్రతికూలంగా ఉన్నా దిగులుపడనవసరం లేదు. సర్వేయరు చెప్పినదే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టు ఒక వాహన బీమా తగాదాలో స్పష్టం చేసింది. అలాగే తిరస్కరణ లేఖలో రాయని కారణాన్ని సంస్థ తర్వాత కోర్టులో కొత్తగా తీసుకురాకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. అందుచేత ఆ లేఖలోని నాలుగు వాక్యాలే వారి ఆయుధాలు. మీ సామాన్ల గురించి లేఖ మౌనంగా ఉండటం మీకు చాలా మేలు చేసే విషయం.

మీకు ఒక్క పేజీ ధ్రువపత్రమే ఇచ్చారన్నది కూడా రాయండి. పాలసీదారుకు తెలియజేయని మినహాయింపు షరతును అతని మీద ప్రయోగించకూడదని 2000లో మోడర్న్ ఇన్సులేటర్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. చివరిగా, వారు మధ్యలో కొంత మొత్తం ఇస్తామని పిలిచి, పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నానన్న కాగితం మీద సంతకం అడిగితే, మిగిలిన హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నానని మీ చేతిరాతతో రాయనిస్తేనే సంతకం చేయండి.

కొత్తగా నష్టపోయినవారు ఇది చదువుతుంటే వారికోసం ఒక మాట. 2024 జూన్ నాటి నియంత్రణ సంస్థ ఆదేశాల ప్రకారం సర్వేయరు నివేదిక 15 రోజుల్లో రావాలి, అది అందిన 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలి. కాగితాలు లేవన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు.

జవాబు 4: తిరుపతి, బ్యాంకులో గృహరుణాల విభాగంలో పనిచేసి విరమించిన ఒక గృహిణి

బాబూ, ఒక కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు. రుణం చివరి విడత ఇచ్చేముందు బ్యాంకు తరఫున ఇంజనీరు వచ్చి ఇంటి విలువ కట్టి నివేదిక ఇచ్చి ఉంటారు. అందులో ఇంటి నాలుగు వైపులా, లోపలా తీసిన ఫొటోలు, నిర్మాణం నాణ్యత మీద అభిప్రాయం ఉంటాయి. పాలసీ పుట్టిన నాటికి షెడ్డు ఉందా, ప్రహరీ ఎలా ఉంది, గోడలు పొడిగా ఉన్నాయా అన్నది తేల్చడానికి ఇంతకంటే నిష్పక్షపాతమైన సాక్ష్యం దొరకదు, ఎందుకంటే అది మీరు రాయించినది కాదు. శాఖ మేనేజరుకు దరఖాస్తు రాసి నకలు అడగండి. అదే దరఖాస్తులో పాలసీ పూర్తి పాఠం కూడా అడగండి, బ్యాంకు ద్వారా తీసుకున్నది కాబట్టి వారి దగ్గర ఉండాలి. రుణం ఇంకా ఉన్నందున బీమా సొమ్ము మొదట బ్యాంకు ఖాతాకు చేరే షరతు ఉండవచ్చు. మరమ్మతు మీరు చేయించుకున్న బిల్లులు చూపించి, ఆ సొమ్మును అసలుకు జమ చేయకుండా మీకు విడుదల చేయమని ఇప్పుడే రాసి పెట్టుకోండి.

ప్రశ్నించినవారి వివరణ, పన్నెండు రోజుల తర్వాత

అమ్మా, మీరు చెప్పిన నివేదిక దొరికింది. ఏడో పేజీలో మిద్దె మీది షెడ్డు, ఎనిమిదో పేజీలో తూర్పు ప్రహరీ నిటారుగా, హాలు గోడ మచ్చ లేకుండా ఉన్న ఫొటోలు ఉన్నాయి. నిర్మాణం నాణ్యత బాగుందని ఆ ఇంజనీరు సంతకం చేశారు. పక్కింటి పెద్దాయన అరపేజీ వాంగ్మూలం రాసిచ్చి, రేకులు పడినప్పుడు పగిలిన తన నీళ్ల ట్యాంకు మూత ఫొటో కూడా జతపరిచారు. షెడ్డు, ప్రహరీ, మెట్ల గదీ హాలూ వైరింగూ కలిపి ఒకటి, సామాన్లు అని నాలుగు భాగాలుగా, పడకగది గోడ తీసేసి రూ.3,48,000కు ఫిర్యాదు రాశాను. తుప్పు పట్టిన ఆ ఒక్క రంధ్రం ఫొటో కూడా దాచకుండా పెట్టాను. నిన్న సాయంత్రం తపాలా కార్యాలయానికి నాన్నగారే నాతో వచ్చి రిజిస్టరు చేయించారు, రసీదు ఆయన దగ్గరే ఉంది. నెల రోజుల తర్వాత ఏమైందో ఇక్కడే రాస్తాను.